ఐదు చీటీలు

మే 19

గురువుగారికి,

చిజురు నమస్కారాలు. పెళ్ళయి ఈ దీవికి వచ్చిన రెండేళ్ళలో కొత్త సంవత్సరం కార్డు తప్ప నా నుంచి మీకేమీ రాలేదు. ఇప్పుడింత బరువైన కవరు చూసి అమ్మగారు "దీని కొంపేదో అంటుకుంది" అనే ఉంటారు. అంటుకుంది. అంటించింది నేనే. ఆర్పడం చేతకాక మీకు రాస్తున్నాను.

చదివాక చింపెయ్యండి. ఒసాకాలో మీ పక్కన తొమ్మిదేళ్ళు వేదికమీద నిలబడ్డానన్న సంగతి ఇక్కడ నా భర్తకు తప్ప ఎవరికీ తెలియదు. నేనొక భోజనశాలలో వడ్డించేదాన్నని మోరియో తన తల్లికి చెప్పాడు. గారడీ ఆటకత్తెను కోడలిగా తెచ్చానంటే ఆవిడ గడప తొక్కనివ్వదని అతని భయం.

మా అత్తగారి పేరు ఇసోనో. అరవై రెండేళ్ళు. చిన్న చేపల్ని ఉప్పునీళ్ళలో ఉడికించి, చాపలమీద ఎండబోసి అమ్మడం ఈ ఇంటి పని. ఆవిడ ఎండబెట్టిన చేప పుల్లలా టక్కున విరుగుతుంది. నేను ఎండబెట్టింది వంగుతుంది. వంగిన ప్రతి చేపకూ ఒక తిట్టు. "మీ ఊళ్ళో చేపల్ని ఎండలో పెడతారా, పెట్టెలో పెడతారా" అనేది. మీ దగ్గర పెరిగినదాన్ని, తిట్లు నాకు కొత్తకాదు. కానీ మీరు తిట్టాక బెల్లం ఉండ చేతిలో పెట్టేవారు. ఇక్కడ తిట్టు ఒక్కటే.

మార్చిలో ఆవిడకు నడుము పట్టేసింది. పదిరోజులు గోడవైపు తిరిగి పడుకుంది. గంజి తాగదు, పలకరిస్తే పలకదు. ఒక వాన మధ్యాహ్నం, కాస్త నవ్విద్దామని, ఇంట్లో ఉన్న పూలపేకలు, అంకెలకు బదులు పూల బొమ్మలుండేవి, తీసి ఐదు ముక్కలు ఆవిడ ముందు పరిచాను. కొంగ, పిట్ట, చంద్రుడు, జింక, అడవిపంది. మీరు నాకు నేర్పిన మొట్టమొదటి ఆట. ఐదు పేర్లు ఐదు చీటీలమీద రాసి ముందుగానే ఐదుచోట్ల దాచెయ్యడం, ఎదుటివాళ్ళు ఏ ముక్క పేరు చెబితే ఆ చీటీ ఉన్న చోటు చూపించడం, అంతే కదా. చూపించిన చీటీ ఒక్కటే వాళ్ళ కంటికి ఆనుతుంది. మిగతా నాలుగు చీటీలు ఆ గదిలోనే ఉన్నాయన్న ఊహ ఎవరికీ రాదు.

"ఒకటి తలచుకుని చెప్పండి అత్తయ్యా."

"జింక. ఇప్పుడేంటి?"

"మీ తలగడ కింద చూడండి."

చీటీ విప్పి ఆవిడ రెండుసార్లు చదివింది. తరవాత మెల్లగా లేచి కూర్చుంది. పదిరోజుల్లో మొదటిసారి.

"నీకు కనిపిస్తుందటే?" అంది.

ఆట ముగిశాక నడుము వంచి దండం పెట్టాలని మీరు ఎన్నిసార్లు చెప్పారో. ఇది గారడీ అని చెప్పేది ఆ దండమేనని, అది పెట్టనివాడు దొంగ అని. నేను వంగలేదు, గురువుగారూ. రెండేళ్ళలో మొదటిసారి ఆవిడ నన్ను మనిషిని చూసినట్టు చూస్తోంది. ఆ చూపు పోగొట్టుకోలేకపోయాను. "అప్పుడప్పుడు" అన్నాను.

మరునాడు మధ్యాహ్నం నన్ను పిలిచి తలుపు వెయ్యమంది. మోరియోకు యసూజీ అని ఒక తమ్ముడుండేవాడు. ఏడేళ్ళ కిందట, పందొమ్మిదేళ్ళ వయసులో, నవంబరులో, ఒసాకా దగ్గర ఓడలు కట్టే చోట సారవ కర్రల మీదనుంచి పడి చనిపోయాడు. నాకు తెలిసింది ఇంతే. ఈ ఇంట్లో అతని పేరు ఎవరూ ఎత్తరు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"మా చిన్నాడు కనిపిస్తాడా? ఏమంటున్నాడు?"

ఏం చెప్పాలో తోచక తల దించుకున్నాను. తొమ్మిదేళ్ళ అలవాటు చూడండి, తల దించుకుని ఊరుకుంటే ఎదుటివాళ్ళే ఆ ఖాళీ నింపుతారని నా ఒంటికి తెలుసు. నవంబరు కదా అని "చలి" అన్నాను. ఆ ఒక్క మాటే అన్నాను.

ఆవిడ భోరుమని ఏడ్చింది. "అవును, చలి. అదే రాశాడు. చేతులు మొద్దుబారి పట్టు దొరకట్లేదమ్మా, ఇంటికొచ్చేస్తానని ఉత్తరం రాశాడు. కొత్త సంవత్సరం దాకా ఓర్చుకోరా అని నేనే జవాబు రాశాను. ఆ ఉత్తరం సంగతి నేనెవరికీ చెప్పలేదే. వాడికి నామీద కోపమా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"లేదు. వాడికి కోపం ఉండదు. ఆ ఏడాది చేపల్లేవని వాడికి తెలుసు. అమ్మ మనసు రాయి చేసుకుని రాసిందని తెలుసు" అని ఆవిడే అంది. ఏడుస్తూ, ఏడుస్తూ నిద్రపోయింది.

పొద్దున లేచి గంజి తాగి, పెరట్లోకి నడిచి వెళ్ళి మోరియోతో చెప్పింది. "నీ పెళ్ళానికి కనిపిస్తుందిరా. తమ్ముడి ఉత్తరం సంగతి చెప్పింది. నాకూ వాడికీ తప్ప లోకంలో ఎవరికీ తెలియదది. చేతులు మొద్దుబారాయని చెప్పింది. కోపం లేదన్నాడట."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. తను అన్న మాటలన్నీ నా నోటినుంచి విన్నట్టే ఆవిడకు గుర్తుంది. ప్రమాణం చెయ్యమంటే చేస్తుంది.

ఆ తరవాత జరిగింది మీరు ఊహించగలరు. పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు, అవతలి రేవు వాళ్ళు. ఈ ఏడాది టీవీలో ఎవరెవరో చూపుతో చెంచాలు వంచుతున్నారు కదా, అందరి మనసూ దానికి తయారుగా ఉంది. ఒకావిడ, సంతకానికి బదులు వేసే పేరుముద్ర పోయిందంటే, వదిలించుకోవడానికి వంటింట్లో వెతకమన్నాను. పూజగదిలో దొరికింది. "వంటింటి గోడ పూజగది గోడ ఒకటే" అని చెప్పుకుంటోంది. కుమాకిచి అని ఒక ముసలాయన పిల్లి తప్పిపోయింది. వస్తుందిలెండి అన్నాను. రాలేదు. "మంచి ఇల్లు దొరికిందని చెప్పిందమ్మాయి" అంటున్నాడాయన. తగిలినవి దాచుకుంటారు, తప్పినవాటిని తగిలేదాకా సాగదీస్తారు. నేను చెయ్యాల్సిన పనేమీ లేదు. ఊరంతా కలిసి నా చుట్టూ గోడ కడుతోంది, లోపల నేను ఊరికే నిలబడి ఉన్నాను.

అత్తగారు నన్నిప్పుడు తిట్టడం లేదు. చేప వంగినా ఏమీ అనదు. అందరం ఒకే తొట్టిలో స్నానం చేసే ఇంట్లో మొదటి నీళ్ళు నాకు వదులుతోంది.

మోరియోతో నిజం చెప్పేద్దామన్నాను. "అమ్మ ఏడేళ్ళ తరవాత సుఖంగా పడుకుంటోంది. ఇప్పుడు లేపుతావా?" అన్నాడు. చెడ్డవాడు కాడు.

కొన్నాళ్ళు మీ ఇంటికి వచ్చి ఉండవచ్చా? గిన్నెలు కడుగుతాను.

మీ శిష్యురాలు
చిజురు


జులై 27

గురువుగారికి,

మీ జవాబు కోసం రెండు నెలలు ఉత్తరాల పడవకు ఎదురుచూశాను. మీ కుడిచేతి వణుకు ఎక్కువైందేమో, లేక నామీద కోపమేమో. కోపమైనా ఫరవాలేదు, ఇది మాత్రం చదవండి. ఇప్పుడు ఒకరి ప్రాణం మీదికి వచ్చింది.

చేపల కాలం మొదలయ్యాక, మొన్న పదో తేదీన, మోరియోకు చెప్పకుండా నేనే ఒక పని చేశాను. ఎండబోసే చోట ఆరుగురు ఆడవాళ్ళు టీ తాగుతుంటే పేకలు తీసి ఆట చేసి చూపించాను. వాళ్ళు "అబ్బ" అనుకుంటుండగానే మిగతా నాలుగు చీటీలూ దాచినచోట్లనుంచి తీసి వాళ్ళ ముందు పడేశాను. "చూడండి. ఇంతే. నాకేమీ కనిపించదు. నాకు తెలిసింది ఇదొక్కటే" అన్నాను.

నా గుండెమీది రాయి దిగిందనుకున్నాను. తపాలా కార్యాలయం ఆయన భార్య ఒక చీటీ తీసి ఇటూ అటూ తిప్పి చూసింది.

"ఓహో, ఇలా కూడా చెయ్యొచ్చన్నమాట. కానీ నువ్వు ఇలా చెయ్యలేదుగా" అంది.

"ఇలాగే చేశాను."

"మరి ఇసోనోగారబ్బాయి ఉత్తరం ఏ చీటీలో ఉంది?"

ఇంకొకావిడ నవ్వింది. "పోనిద్దూ, అందరం మీదపడి విసిగిస్తున్నామని ఇలా అంటోంది. కాయలున్న కొమ్మే వంగుతుంది."

"టీవీలో చెంచాలు వంచే పిల్లల్నీ దొంగలనే అన్నారు" అంది మరొకావిడ. అందరూ తలలూపి, నాకింకొంచెం టీ పోశారు.

ఆ సంగతి ఇంటికి నాకంటే ముందు చేరింది. అత్తగారు గుమ్మంలో కూర్చుని ఉంది. "ఎందుకే అలా అబద్ధమాడావు? నా కొడుకు మాట కూడా గారడీ అనుకోరూ జనం?" అంది. తరవాత చేతులు రెండూ నేలకానించి, నాకు, తన కోడలికి, తల వంచింది. "ఇంకెప్పుడూ అలా అనకు. నీకు దండం పెడతాను."

ఆవిడ నెత్తిమీద తెల్లని పాపిడి చూస్తూ నేను నిలబడిపోయాను. ఆ తల పైకెత్తడానికి "అనను అత్తయ్యా" అన్నాను.

ఇప్పుడు కాయో అక్క సంగతి. వలలు బాగుచేసే ఇంటావిడ, నలభై మూడేళ్ళు, పెద్ద గొంతు, పెద్ద నవ్వు. నేను కొత్తగా వచ్చినప్పుడు ఈ దీవిలో నాతో మొదట మాట్లాడింది ఆవిడే. పదిహేనో తేదీన మా పెరటి దారిన వచ్చి, నా చెయ్యి తీసుకుని తన ఎడమ రొమ్ముమీద పెట్టుకుంది. రేగుపండంత గడ్డ.

"చూసి చెప్పవే. కోయించుకోవాలా, అదే పోతుందా?"

"ఆసుపత్రికి వెళ్ళండక్కా. రేపే వెళ్ళండి. నాకేమీ కనిపించదు, నిజంగా" అన్నాను. ఆవిడ కళ్ళలోకి చూడలేక తల దించుకున్నాను.

ఆవిడ వెళ్ళలేదు. నాలుగురోజుల తరవాత ఆవిడ భర్త దారిలో ఆగి, నాకు వంగి దండం పెట్టి, "మీరు నోటితో చెప్పలేకపోయారట కదా. తల దించుకున్నారట. అయిపోయినదానికి కత్తెందుకు అంటోంది" అని కళ్ళు తుడుచుకున్నాడు.

పరుగెత్తుకుంటూ వెళ్ళాను. కాయో అక్క బట్టలన్నీ ముందేసుకుని, ఇది పెద్దకూతురికి, ఇది చిన్నదానికి అని విడదీస్తోంది. "వెళ్ళమని చెప్పాను కదా అక్కా" అని అరిచాను. "నోరు వెళ్ళమంది. మొహం వద్దంది. నేను నీ మొహం చూశానులే" అంది, నన్నే ఓదారుస్తున్నట్టు.

అప్పుడు, గురువుగారూ, నేను చెయ్యకూడని పని చేశాను. మోరియో సలహా అది. "నీ మాటే నమ్ముతుంది కదా, బాగవుతుందని చెప్పు, వెళ్తుంది" అన్నాడు. మళ్ళీ వెళ్ళి, కళ్ళు మూసుకుని, వేదికమీద మీరు నేర్పినట్టు గొంతు దించి, "కనిపిస్తోందక్కా. తెల్లదుప్పటి, కిటికీ, మీరు లేచి కూర్చున్నారు. వెళ్ళండి" అన్నాను. కాయో అక్క నా బుగ్గ నిమిరింది.

"మొన్న కనిపించదన్నావు. ఇవాళ కనిపిస్తోందంటే అది జాలే పిల్లా. నాకు తెలియదూ?"

చెబితే జోస్యం. చెప్పకపోతే జోస్యం. నిజం చెబితే వినయం, అబద్ధం చెబితే జాలి. నా నోట్లోంచి వచ్చే ఏ మాటా నేను పంపినచోటికి చేరడం లేదు. రోజుకు రెండుసార్లు రేవునుంచి పడవ వెళ్తుంది. ఎక్కేద్దామని మూటకూడా కట్టుకున్నాను. కానీ నేను వెళ్ళిపోతే, ఆవిడ చావు చూడలేక వెళ్ళిపోయిందంటారు. అదీ జోస్యమే అవుతుంది.

పెట్టెలోపల ముడుచుకుని కూర్చుని, మీరు కత్తులు గుచ్చుతుంటే ఊపిరి బిగపట్టిన రోజులున్నాయి. అప్పుడెప్పుడూ భయం వెయ్యలేదు. మూత మీరు తీస్తారని తెలుసు.

ఏం చెయ్యమంటారు?

చిజురు


ఆగస్టు 3

ఒసేయ్ చిజురూ,

ఈ ఉత్తరం రాస్తోంది నా పెళ్ళాం, అదే మీ అమ్మగారు, చెబుతోంది నేను. నా చెయ్యి ఇప్పుడు పేకలు కలపదు, కలం పట్టదు, కల్లుగిన్నె మాత్రం పట్టుకుంటుంది. (అది కూడా ఒలకబోస్తాడు. ఇది నా మాట.)

మొదటి ఉత్తరానికి జవాబు రాయలేదు. నీమీద కోపం కాదు. సిగ్గు. నా ఇరవై ఆరో ఏట ఒక కొండఊళ్ళో ఇలాగే ఒక విధవరాలి దగ్గర దండం పెట్టడం మరిచిపోయాను. ఆవిడ తన పెనిమిటి సంగతులు నాచేత చెప్పించుకుంది. మూడురోజులు పీకలదాకా తిని, నాలుగోరోజు తెల్లారకముందే పారిపోయాను. తరవాత ఆవిడేమైందో నాకు తెలియదు. దండం గురించి మిమ్మల్నందర్నీ అంత సతాయించింది అందుకే. నేర్చుకుని కాదు, చెయ్యి కాలి చెబుతున్నాను.

ఇక విను. నువ్వు చేసిన తప్పేమిటంటే, చీటీలు పరిచి చూపించావు. చూపిస్తే ఏమవుతుంది? ఇంకో ఆట చూసినట్టు చూస్తారు. చెబితే ఏమవుతుంది? చెప్పినదాంట్లో తమకు కావలసింది ఏరుకుంటారు. మనిషి తన కళ్ళను అనుమానించడు, తన జ్ఞాపకాన్ని అసలే అనుమానించడు. కానీ ఒక్కటుంది. ఆటను తన చేత్తో చేసి, ఎదుటివాడు నోరు తెరవడం తన కళ్ళతో చూసినవాడు మాత్రం మారిపోతాడు. ఆ తెరిచిన నోట్లో నిన్నటి తన మొహమే కనిపిస్తుంది. నా డెబ్బై ఏళ్ళలో ఆ దెబ్బను తట్టుకున్న నమ్మకాన్ని చూడలేదు.

కాబట్టి నేర్పు. ఎవరికో కాదు, మీ అత్తగారికి. మొదలు అక్కడుంది. ఆవిడ నమ్మకం ఊడితేనే ఊరిది ఊడుతుంది. నీకది ఇష్టం లేదని తెలుసు. ఆవిడ కొడుకును రెండోసారి చంపినట్టవుతుందని భయపడుతున్నావు. అవుతుందేమో. తరవాత ఏం జరుగుతుందో నాకు తెలియదు. నేనెప్పుడూ అంతసేపు నిలబడలేదు.

వచ్చి గిన్నెలు కడుగుతానన్నావు. మాకున్నవి నాలుగు గిన్నెలు. ముందు ఆ వలలావిడ సంగతి చూడు.

నీ గురువు
ఉమెహారు


అక్టోబరు 6

గురువుగారికి, అమ్మగారికి,

ఈ ఉత్తరం పొద్దుటి ఎండలో, చాపల పక్కన కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే తొందరవల్ల. అత్తగారు చూస్తే పని మానేసి కూర్చున్నానని అరుస్తుంది.

మీ ఉత్తరం వచ్చిన మరునాడే మోరియో చేపలవేటకు వెళ్ళాక అత్తగారి ముందు కూర్చున్నాను. మొదట ఒసాకా సంగతి చెప్పాను.

"ఆటకత్తెవా?" అంది.

"అవును."

"మోరియోకి తెలుసా?"

"తెలుసు."

"ఊఁ."

తరవాత, మీకొక ఆట నేర్పుతాను అత్తయ్యా, అన్నాను. ఆవిడ మొహం ముడుచుకుపోయింది. "నాకొద్దు" అంది. "పేకలు అవతల పెట్టు." నేను పెట్టలేదు. "కాయో అక్క చచ్చిపోతుంది అత్తయ్యా. మీరు నేర్చుకుంటే బతుకుతుందేమో" అన్నాను. తెలియాల్సిందేదో ఆవిడకప్పుడే తెలిసిపోయిందని నాకనిపించింది. చెయ్యి చాపి, "నేర్పు" అంది.

రెండురోజులు పట్టింది. చీటీలు ఏది ఎక్కడుందో కలగాపులగం చేసేది. మూడోరోజు, రేవులో టికెట్లిచ్చే షోహే మామ టీ తాగడానికి వస్తే, నేను వంటింట్లో ఉండగా ఆవిడ ఒక్కతే చేసింది. అతను చంద్రుడన్నాడు. "నీ గిన్నె ఎత్తి చూడు" అంది. కాసేపటికి అతని గొంతు వినిపించింది. "ఇసోనోగారూ, మీకు కూడా వచ్చేసిందా? కోడలి నుంచి అంటుకుందా?" తొంగి చూశాను. తెరుచుకున్న అతని నోటివైపు ఆవిడ చూస్తోంది. మీరు చెప్పినట్టే. తరవాత లేచి, నడుము వంచి దండం పెట్టింది. దండం పెట్టాలని నేను ఆవిడకు చెప్పలేదు, గురువుగారూ. ఎలా తట్టిందో.

ఆ తరవాత మూడురోజులు ఇంట్లో మాట లేదు. చేపలు ఉడికించింది, ఎండబోసింది, ఏరింది. అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. మోరియో నాతో మాట్లాడటం మానేశాడు. "చూశావా, ఏం చేశావో" అని మాత్రం అన్నాడు. ఆవిడ కొడుకును రెండోసారి చంపానన్నది నిజమే అనుకున్నాను. నా మూట ఇంకా విప్పలేదు.

నాలుగోరోజు పొద్దున చాపలమీద చేపలు తిరగేస్తూ, నావైపు చూడకుండా అడిగింది.

"ఆ రోజు నువ్వేమన్నావే?"

"చలి అన్నాను అత్తయ్యా."

"ఇంకా?"

"ఇంకేమీ అనలేదు."

"ఉత్తరం సంగతి?"

"మీరే చెప్పారు."

"చేతులు మొద్దుబారాయన్నది?"

"మీరే."

"కోపం లేదన్నది?"

"నేను తల అడ్డంగా ఊపాను. మాట మీదే."

"ఎందుకూపావు?"

"మీరేడుస్తుంటే చూడలేక."

ఆవిడ ఒక వరస పూర్తిగా తిరగేసింది. ఆ చేపల చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. వరస చివరికి వెళ్ళి నడుము పట్టుకుని నిలబడింది.

"ఏడేళ్ళు ఎవరికీ చెప్పకుండా నోట్లో పెట్టుకున్నది నేనే కక్కానన్నమాట" అంది. "వాడికి కోపం లేదని కూడా నేనే అన్నానా. నువ్వు చెప్పి ఉంటే ఇవాళ్టికి అదంతా బూడిదయ్యేది. నేనే అన్నానుగా. వాణ్ణి కన్నది నేను. వాడికి నామీద కోపముంటుందో ఉండదో నాకు తెలియదంటే ఇంకెవరికి తెలుస్తుంది?"

నేను ఏడుస్తున్నాను. ఆవిడ ఏడవలేదు.

"నన్ను ఐదు నెలలు వెర్రిదాన్ని చేశావు. దానికి నిన్ను ఊరికే వదలను" అంది. "కళ్ళు తుడుచుకుని ఇటురా. ఈ చివర చేపలన్నీ వంగిపోతున్నాయి. ఎవరు పోశారివి, నువ్వేనా? ఒసాకాలో గారడీ నేర్పారు సరే, చేతులు కదపడం నేర్పలేదా?"

నాకు అంత హాయైన తిట్టు ఈ జన్మలో తగల్లేదు.

ఆ సాయంత్రమే ఆవిడ పేకలు నడికట్టులో దోపుకుని కాయో అక్క ఇంటికి నడిచింది. నేను వెనక. వెళ్ళగానే ఎవరూ చూడకుండా చీటీలు తలోచోట దాచి, కాయో అక్కకు ఆట చేసింది. కాయో అక్క అన్నది అడవిపంది. చీటీ వాకిట్లో చెప్పు కింద దొరికింది. "ఇప్పుడు ఇంకోసారి" అని అదే ఇంట్లో, అదే గదిలో, వేరే ముక్కతో చేసింది. పిట్ట. తరవాత దాచినచోట్లనుంచి ఐదు చీటీలూ తీసి కాయో అక్క చేతికిచ్చి, "నువ్వు దాచు. మీ ఆయన్ని పిలువు" అంది. కాయో అక్క ఏమీ అర్థం కానట్టే దాచింది. ఆయన వచ్చాడు, కొంగ అన్నాడు. కాయో అక్క "దీపం వెనక" అంది. చీటీ చూసి ఆ మనిషి నేలమీద చతికిలబడి, పెళ్ళాం కాళ్ళవైపు చేతులు జోడించాడు.

కాయో అక్క భర్తను చూసింది. మా అత్తగారిని చూసింది. చివరికి నన్ను చూసింది.

"మరి ఆ రోజు తల ఎందుకు దించుకున్నావు?"

"భయమేసిందక్కా. గడ్డ తగిలితే ఎవరికైనా వేస్తుందే, ఆ భయం. నాకు తెలిసింది ఇంకేమీ లేదు."

"నెలరోజులు" అంది ఆవిడ. "నెలరోజులు నేను చచ్చిపోయాననుకున్నాను. నా బట్టలన్నీ పంచేశాను." పేకలన్నీ నా మొహానికేసి కొట్టింది. ఒకటి కంటికి తగిలింది. నేను కదల్లేదు. అవి నాకు రావలసినవే.

మరునాటి మొదటి పడవలో ఆసుపత్రికి వెళ్ళింది. తోడు మా అత్తగారు. నన్ను రావద్దంది. రేవులో దూరంగా నిలబడి చూశాను. రొమ్ము తీసేశారు. వసంతంలోనే వచ్చి ఉంటే బాగుండేది, ఇప్పుడైనా మించిపోలేదు అన్నాడట డాక్టరు. ఇది మంచిమాటో, మర్యాదకు అన్న మాటో మాకెవరికీ తెలియదు. ఐదువారాలకు ఇంటికి వచ్చింది. చిక్కిపోయింది. నన్ను చూస్తే మొహం తిప్పుకునేది.

ఊరు ఒక్కసారిగా మారలేదు. మా అత్తగారు ఇల్లిల్లూ తిరిగి ఆట నేర్పింది. "నా కోడలు మోసం చేసింది, నేను మోసపోయాను, మీరూ మోసపోయారు, ఇదిగో ఇలా" అని చెప్పి మరీ నేర్పింది. తపాలా ఆయన భార్య నెలరోజులు నన్ను పలకరించలేదు. ఆటకత్తె అనే మాట వెనకనుంచి రెండుసార్లు విన్నాను. విని తిరిగి చూస్తే, అత్తగారు అన్నవాళ్ళతో పోట్లాడుతోంది. "ఆటకత్తే. అయితే? మీ కోడళ్ళకి ఏమొచ్చు?" అని. కుమాకిచి తాత మాత్రం ఇప్పటికీ నాకు దండం పెడతాడు. ఆయనకు ఆట నేర్పితే, "పిల్లిమాట వేరు" అన్నాడు. ఆయన్ని అలాగే వదిలేశాం.

మోరియో నాతో మాట్లాడుతున్నాడు. పోయిన వారం వాళ్ళమ్మ యసూజీ చిన్ననాటి సంగతి ఒకటి అన్నం తింటూ చెప్పింది, ఊరికే, ఎవరూ అడగకుండా. పడవకు కట్టిన తాడు విప్పేసి, అదే కొట్టుకుపోయిందన్నాడట. మోరియో నవ్వబోయి, గిన్నె వదిలేసి బయటికి వెళ్ళిపోయాడు. నేను మూట విప్పి బట్టలు అలమరలో సర్దుకున్నాను. గిన్నెలు కడగడానికి రావడం లేదు, అమ్మగారూ.

ఇవాళ పొద్దున్న జరిగిన సంగతి చెప్పి ముగిస్తాను. ఈ ఉత్తరం అందుకే మొదలుపెట్టాను. అందరం చాపలు పరుస్తున్నాం. పడమటివైపు కొంచెం మబ్బు. కాయో అక్క చెయ్యి మెడకు కట్టుకుని నడిచి వచ్చింది, ఇంటినుంచి ఇంతదూరం రావడం ఇదే మొదలు. మా వరస దగ్గర ఆగింది. అందరూ పని ఆపారు.

"ఏమే దొంగపిల్లా" అంది నన్ను, ఆ పాత పెద్ద గొంతుతో. "నీకన్నీ కనిపిస్తాయిగా. ఇవాళ వానొస్తుందా, రాదా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఆకాశం చూశాను.

"నాకు తెలియదక్కా" అన్నాను.

ఎవరూ నా మొహం వెతకలేదు. నా మాటలో ఇంకో మాట వెతకలేదు. అత్తగారు మబ్బువైపు చూసి ఉమ్మేసి, "దీనికేం తెలుసు. చాపలు తియ్యండి" అంది. అందరూ తీయడం మొదలుపెట్టారు.

మీ చిజురు